ప్రాణవాయువు అనే మాట

2021 మే మొదటివారం, రాత్రి పదిన్నర దాటాక తణుకు నుంచి మా అక్క ఫోన్ చేసింది. కోవిడ్ రోజులు. బావగారికి నాలుగు రోజులుగా జ్వరం. వేలికి పెట్టే మీటరు 91 చూపిస్తోంది. ఏ ఆసుపత్రిలోనూ మంచం లేదు, ఆక్సిజన్ సిలిండరు లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, ఎదురింటి అబ్బాయి అమెరికా నుంచి తెచ్చుకున్న మందు ఇచ్చాడురా. రెండు సీసాలు. దీంట్లోవి ఆరు చుక్కలు, దాంట్లోవి ఆరు చుక్కలు కలిపి నీళ్లు పోసుకుని తాగాలిట. ఒంట్లోకి నేరుగా ప్రాణవాయువు పంపిస్తుందిట. సాయంత్రం ఒకసారి పట్టాను. అప్పట్నుంచీ ఒకటే వాంతులు. లోపలి విషం బయటికి పోతోంది, మంచిదే అన్నాడు. ఇప్పుడు రెండోసారి పట్టనా?"

సీసా మీద ఏం రాసుందో చదవమన్నాను. కళ్లజోడు వెతుక్కుని, కూడబలుక్కుంటూ చదివింది. సోడియం క్లోరైట్. నీళ్లు శుద్ధి చేయడానికి.

నేను 31 ఏళ్లు గోదావరి ఒడ్డున కాగితపు మిల్లులో బ్లీచింగ్ సెక్షన్ కెమిస్టుగా పనిచేశాను. ఆ రెండు సీసాల్లోవీ కలిస్తే పుట్టేది ఏమిటో నాకు తెలుసు. దాన్ని పుట్టించడం, అది ఎవరి ముక్కుకీ తగలకుండా చూడడం, ఈ రెండే నా ఉద్యోగం. అక్కని పట్టొద్దన్నాను. గట్టిగా అరిచాను కూడా. అంత గట్టిగా ఆవిడ మీద ఎప్పుడూ అరవలేదు.

మిల్లులో దాన్ని క్లోరిన్ డయాక్సైడ్ అని పూర్తిపేరు పెట్టి ఎవరూ పిలవరు. సీఎల్ఓటూ అంటాం. పచ్చ కలిసిన పసుపురంగు గ్యాసు. 11 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. గాలిలో దాని పాలు పదోవంతుకి చేరితే ఇంకెవరూ నిప్పు పెట్టక్కర్లేదు, చిన్న వేడికో వెలుతురుకో పేలిపోతుంది. అందుకే సిలిండర్లో కుక్కి లారీ మీద పంపడం కుదరదు. ఎక్కడ కావాలో అక్కడే తయారుచేసి, పుట్టగానే చల్లటి నీళ్లలో కలిపేసుకోవాలి. జనరేటర్లో గ్యాసు పాలు కాస్త హెచ్చితే లోపలికి లోపలే విచ్చిపోయి, పైనున్న మూతలు ఎగిరి తెరుచుకుంటాయి. దాన్ని పఫ్ అంటారు. వినడానికి మెత్తటి మాట. మొదటిసారి ఆ చప్పుడు విన్నరోజు నా కాళ్ల వణుకు గంటసేపు తగ్గలేదు. ఎనిమిది గంటల డ్యూటీలో మనిషి పీల్చదగిన హద్దు పది లక్షల పాళ్ల గాలిలో 0.1 పాలు. ఒకసారి గాస్కెట్ కారి ఆ ఆవిరి పీల్చిన మా హెల్పర్ మూడు వారాలు దగ్గుతూనే ఉన్నాడు.

ఇంత చెప్పినా, ఆ గ్యాసు మీద నాకు గౌరవం ఉంది. వెదురూ సరుగుడూ ఉడికి వచ్చిన గుజ్జు తాటిబెల్లం రంగులో ఉంటుంది. ఆ రంగు లిగ్నిన్‌ది. సీఎల్ఓటూ లిగ్నిన్‌ని పట్టుకుంటుంది, కాగితానికి బలమిచ్చే సెల్యులోజ్‌ని పెద్దగా ముట్టుకోదు. అంతకుముందు ఆ పని మామూలు క్లోరిన్ చేసేది. క్లోరిన్ చేసినచోట మిల్లు మురుగులో డయాక్సిన్లు పుడుతున్నాయని 1980లలో అమెరికాలో బయటపడ్డాక, ప్రపంచమంతా మెల్లమెల్లగా ఇటు మళ్లింది. మన దేశంలో క్లోరిన్ గ్యాసు వాడకం మానేసిన తొలి మిల్లుల్లో భద్రాచలం దగ్గరి సారపాక మిల్లు ఒకటి. మురుగు కలిసే నది ఒడ్డున పెరిగినవాణ్ణి గనుక నాకది చిన్న సంగతి కాదు.

అక్క రిటైరైన తెలుగు పండితురాలు. ఆవిణ్ణి కట్టిపడేసింది ఆ సీసా కాదు, ప్రాణవాయువు అనే మాట. ఆ రోజుల్లో ఆ మాట కోసం జనం ఆసుపత్రుల గేట్ల ముందు ఏడుస్తున్నారు. మనకి ఆక్సిజన్‌కి రెండు తెలుగు మాటలున్నాయి. రెండోది ఆమ్లజని. ఈ రెండింటి వెనకా చెరో పొరపాటు ఉంది. ఆ పొరపాట్లనీ, ఈ సీసానీ కలుపుతూ రెండువందల ఏళ్ల పైబడిన కథ ఉంది. రిటైరయ్యాక తీరిగ్గా చదివాను గానీ, అక్కకి ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆమ్లజని సంగతి ముందు. ఫ్రాన్స్‌లో లావోయిజియే 18వ శతాబ్దం చివర్లో ఆ వాయువుకి పేరు పెడుతూ, ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఇదేనని నమ్మాడు. ఆక్సిజన్ అంటే గ్రీకులో ఆ అర్థమే. మనవాళ్లు అక్షరాలా తెలుగు చేసి ఆమ్లజని అన్నారు. కానీ ఉప్పు నుంచి తీసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అసలు ఆక్సిజనే లేదు. 1774లో స్వీడన్‌లో షీలే ఆ ఆమ్లం నుంచి తీసిన పచ్చటి గ్యాసు ఆక్సిజన్ కలిసిన సమ్మేళనమేనని అప్పటివాళ్లు అనుకునేవారు. 1810లో లండన్‌లో హంఫ్రీ డేవీ అది సమ్మేళనం కాదు, మూలకమే అని తేల్చి, దాని లేతపచ్చ రంగుని బట్టి క్లోరిన్ అని పేరుపెట్టాడు. లావోయిజియే సిద్ధాంతం అక్కడ కూలింది. పేరు మాత్రం మిగిలింది.

ఈలోగా లావోయిజియే స్నేహితుడు బెర్తొలే ఆ పచ్చగ్యాసుతో బట్టలు తెల్లబరచవచ్చని 1785 ప్రాంతంలో చూపించాడు. మన ఊళ్లలో చాకలివాళ్లు చవుడుతో బాన పెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి, మళ్లీ తడిపి ఆరేసి చలవ చేసేవారు. యూరప్‌లోనూ అంతే, నెలల తరబడి పచ్చికబయళ్ల మీద నారబట్ట పరిచేవారు. బెర్తొలే దాన్ని గంటల పనికి తెచ్చాడు. ఆ ప్రయోగాల్లోనే ఆయన చేతికి పొటాషియం క్లోరేట్ అనే తెల్లటి ఉప్పు చిక్కింది. నిండా ఆక్సిజన్. తుపాకిమందులో సురేకారం బదులు వాడదామని 1788లో ఎసోన్ కర్మాగారంలో ప్రయత్నిస్తే పేలి ఇద్దరు చనిపోయారు. లావోయిజియే దంపతులు అక్కడే ఉన్నారు, అదృష్టం కొద్దీ బతికారు.

ఆ క్లోరేట్ మీద ఆమ్లం పోస్తే పసుపు గ్యాసు వస్తుంది. 1811లో డేవీ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేసి చూసి, వచ్చినదానికి యూక్లోరిన్ అని పేరు పెట్టాడు. అది ఒక్క గ్యాసు కాదు, క్లోరినూ క్లోరిన్ డయాక్సైడూ కలిసిన మిశ్రమమని తర్వాత తేలింది. 1815లో యువ ఫారడేని వెంటబెట్టుకుని యూరప్ తిరుగుతూ రోమ్‌లో ఉన్నప్పుడు, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఇంకా ముదురురంగు గ్యాసు తీశాడు. మా సీఎల్ఓటూ అదే. ఇంచుమించు అదే కాలంలో వియన్నాలో ఫాన్ స్టాడియన్ అనే ఆయన కూడా వేరేగా తయారుచేశాడు. కొంచెం వేడి చేస్తే పేలే ఆ గ్యాసుని వాళ్లు చిన్నచిన్న గొట్టాల్లో చూశారు. తాగాలని వాళ్లెవరికీ తోచలేదు.

తాగడం క్లోరేట్‌తో మొదలైంది. ఈ కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన భాగం ఇదే, అందుకే కాస్త నిదానిస్తాను.

మనం హైస్కూల్లో చదివాం. పొటాషియం క్లోరేట్‌లో కాస్త మాంగనీస్ డయాక్సైడ్ కలిపి వేడిచేస్తే ఆక్సిజన్ బుడగలు బుడగలుగా వస్తుంది, ఆరిపోతున్న పుల్ల భగ్గున వెలుగుతుంది. నేను పదో తరగతిలో ఆ పుల్ల వెలగడం చూసే కెమిస్ట్రీ చదవాలనుకున్నాను. 19వ శతాబ్దపు వైద్యులకీ ఆ వెలుగే కనిపించింది. ఇంత ఆక్సిజన్ దాచుకున్న ఉప్పు ఒంట్లోకి వెళ్లి దాన్ని వదలకుండా ఉంటుందా అనుకున్నారు. గొంతునొప్పికి బిళ్లలు చేసి చప్పరించమన్నారు, నోటిపూతకి పుక్కిలించమన్నారు, కంఠసర్పి వచ్చిన పసిపిల్లలకి చెంచాలతో పట్టారు. మందుల దుకాణాల్లో మామూలు సరుకు అయిపోయింది. అగ్గిపుల్ల తలలో ఉన్నది కూడా అదే ఉప్పు.

అమెరికాలో అయొవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్నంలో ఫౌంటెన్ అనే డాక్టరుండేవాడు. ఈ ఉప్పు ఎంత తిన్నా హాని లేదని ఆయన గాఢంగా నమ్మాడు. నమ్మకాన్ని రోగుల మీదే ఉంచేసి తప్పుకోలేదు, 1861లో తనే ఒక ఔన్సు తీసుకున్నాడు. కొద్దిరోజుల్లో చనిపోయాడు. ఆయన మోసగాడు కాదు. మోసగాళ్ల గురించి చదివినప్పుడు నాకు కోపం వస్తుంది, ఈయన గురించి చదివిన రోజు మాత్రం అన్నం సహించలేదు.

ఆ తర్వాత కూడా పద్దెనిమిదేళ్లు గడిచాక గానీ కారణం తెలియలేదు. 1879లో జర్మనీలో మార్చాండ్ అనే పెథాలజిస్టు క్లోరేట్‌తో చనిపోయినవాళ్ల శరీరాలు పరీక్షించి, వాళ్ల రక్తం ఎరుపు పోయి గోధుమరంగుకి మారిందని రాశాడు. న్యూయార్క్‌లో పిల్లల వైద్యుడు అబ్రహాం జాకోబీ కూడా ఆ రోజుల్లోనే ఈ మందు పిల్లల్ని చంపుతోందని హెచ్చరించాడు.

గోధుమరంగు ఎందుకంటే, మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్‌లోని ఇనుము. ఆ ఇనుము ఒక ప్రత్యేకమైన స్థితిలో ఉంటేనే ఆక్సిజన్‌ని పట్టుకోగలదు, వదలగలదు. క్లోరేట్, క్లోరైట్, క్లోరిన్ డయాక్సైడ్, ఇవన్నీ ఎదుటివాటి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కునే పదార్థాలు. కెమిస్ట్రీలో దాన్ని ఆక్సీకరణం అంటాం. గేటు ఇనుము తుప్పు పట్టడం ఆక్సీకరణమే. హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే మెట్‌హిమోగ్లోబిన్ అవుతుంది, ఇక అది ఆక్సిజన్‌ని మోయదు. అంటే ఒంట్లోకి ప్రాణవాయువు పంపిస్తుందని తాగింది, ఉన్న ప్రాణవాయువుని మోసే బండి చక్రాలు ఊడదీస్తుంది. పెదవులు నీలమౌతాయి. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా మనిషికి ఊపిరాడదు. అక్క ఆ రాత్రి గంటకోసారి చూసుకుంటున్న వేలిమీటరు కూడా అలాంటప్పుడు సరిగా చెప్పలేదు. మెట్‌హిమోగ్లోబిన్ బాగా పెరిగితే, అసలు పరిస్థితి ఎలా ఉన్నా, అది 85 దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఆక్సిజన్ ఇచ్చేదీ, ఆక్సీకరణం చేసేదీ ఒకటి కాదు. రెండు మాటల్లోనూ ఆక్సిజన్ ఉంది గనుక ఒకటే అనిపిస్తుంది. పైగా మన భాషలో దానికి ప్రాణవాయువు అనే పేరు. మన యోగశాస్త్రాల్లో ప్రాణం అయిదు వాయువుల్లో మొదటిది. ఆ పవిత్రమైన మాటని తెచ్చి ఈ మూలకానికి తగిలించాక, దాన్ని కలిగిన ఏ పదార్థమైనా ప్రాణం పోస్తుందనే భ్రమ కలగడం సహజం.

క్లోరేట్ మందులు 20వ శతాబ్దంలో మెల్లగా మూలపడ్డాయి. క్లోరిన్ డయాక్సైడ్‌కి మాత్రం నిజమైన మంచిపని దొరికింది. 1944లో న్యూయార్క్ రాష్ట్రం నయాగరా ఫాల్స్ పట్నంలో తాగునీళ్లకి దాన్ని మొదట వాడారు. అక్కడి ఫ్యాక్టరీల నుంచి నీళ్లలో కలిసే ఫినాల్ క్లోరిన్‌తో కలిస్తే మందు వాసన కొట్టేది, దీనితో ఆ వాసన పోయింది. 1956లో బ్రస్సెల్స్ నగరం క్లోరిన్ మానేసి దీనికి మారింది. 2001 చివర్లో ఆంత్రాక్స్ పొడి పెట్టిన ఉత్తరాలు అమెరికన్ సెనేట్ కార్యాలయాలకి వచ్చినప్పుడు, మనుషుల్ని ఖాళీ చేయించి, గదులు మూసి, ఈ గ్యాసు నింపే శుభ్రం చేశారు. మనుషుల్ని ఖాళీ చేయించి అన్నది గుర్తుంచుకోండి.

నీళ్లలో వాడినప్పుడు కూడా కొలత ఉంది. అమెరికాలో లీటరుకి 0.8 మిల్లీగ్రాముల క్లోరిన్ డయాక్సైడ్ దాటకూడదు. దాని నుంచి మిగిలే క్లోరైట్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. 1980ల మొదట్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్లు ఆరోగ్యవంతులైన కొందరికి 12 వారాలపాటు రోజుకి అరలీటరు చొప్పున, లీటరుకి 5 మిల్లీగ్రాములు కలిపిన నీళ్లిచ్చి చూశారు, చెప్పుకోదగ్గ హాని కనబడలేదు. రోజుకి రెండున్నర మిల్లీగ్రాములన్నమాట. చుక్కలు అమ్మేవాళ్లు ఈ అధ్యయనాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. వాళ్ల సీసాలో ఒక్క చుక్కలోనే 10 మిల్లీగ్రాములకి పైగా సోడియం క్లోరైట్ ఉంటుంది. అక్క పట్టింది ఆరు చుక్కలు.

ఈ కొత్త వ్యాపారానికి మూలపురుషుడు జిమ్ హంబుల్ అనే అమెరికన్. 1996లో దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లో బంగారం వెతకడానికి వెళ్లానని, తోటివాళ్లకి మలేరియా వస్తే నీళ్లు శుద్ధి చేసుకోవడానికి తెచ్చుకున్న "స్థిరీకరించిన ఆక్సిజన్" తాగించానని, గంటల్లో లేచి కూర్చున్నారని ఆయన చెప్పుకున్నాడు. ఆ సరుకు పేరులో ఆక్సిజన్ ఉంది, లోపలున్నది సోడియం క్లోరైట్. 2006లో సొంతంగా పుస్తకం అచ్చువేసి, ఎంఎంఎస్ అనే పేరుతో మలేరియా మొదలు ఎయిడ్స్, క్యాన్సర్ దాకా అన్నిటికీ ఇదే మందన్నాడు. సరైన పరీక్ష ఏదీ ఆ మాటని రుజువు చేయలేదు.

ఇందులో నన్ను బాధపెట్టే సంగతి ఇంకోటుంది. మలేరియా తరతరాలుగా పీడించిన చోట్ల జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న మనుషులు ఎక్కువ. ఆ లోపం మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది గనుక నిలిచింది. ఆఫ్రికాలోనూ, మన దేశంలోని గిరిజన సమూహాల్లోనూ అలాంటివాళ్లున్నారు. ఆక్సీకరణం చేసే పదార్థం ఒంట్లో పడితే వాళ్ల ఎర్రకణాలు చిట్లిపోతాయి. మెట్‌హిమోగ్లోబిన్‌కి విరుగుడుగా ఇచ్చే మిథిలీన్ బ్లూ కూడా వాళ్లకి పనిచేయదు సరికదా, కీడు చేస్తుంది. మలేరియా మందని ఈ చుక్కల్ని పట్టుకెళ్లింది సరిగ్గా వాళ్ల దగ్గరికే.

అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2010 జూలైలో హెచ్చరిక ఇచ్చింది. అదే ఏడు హంబుల్, మార్క్ గ్రెనన్ అనే ఆయన కలిసి ఒక "చర్చి" పెట్టారు. సీసా మందు కాదు, ప్రసాదం అన్నారు. ధర కాదు, కానుక అన్నారు. ఆటిజం ఉన్న పిల్లలకి కూడా ఇవ్వమని ప్రచారం నడిచింది. వాంతులూ విరేచనాలూ అయితే మందు పనిచేస్తోందన్నారు. ఎదురింటి అబ్బాయి నోట అక్క విన్నది ఆ వాక్యమే, అంతదూరం నుంచి చెక్కుచెదరకుండా వచ్చింది. 2019 ఆగస్టులో ఎఫ్‌డీఏ మళ్లీ హెచ్చరించింది. కోవిడ్ వచ్చేసరికి ఆ చర్చి దీన్ని దానికీ మందుగా అమ్మింది. 2020 ఏప్రిల్‌లో మయామి కోర్టు ఆపమంది, వాళ్లు ఆపలేదు. గ్రెననూ ఒక కొడుకూ కొలంబియాలో దొరికారు. 2023 జూలైలో తండ్రినీ ముగ్గురు కొడుకుల్నీ దోషులన్నారు. అక్టోబరులో ఇద్దరు కొడుకులకి పన్నెండేళ్లు దాటిన శిక్ష, తండ్రికీ మరో కొడుక్కీ అయిదేళ్లు పడింది.

బొలీవియాలో ఇంకా దారుణం. 2020 జూలైలో ఆరోగ్యశాఖ వద్దంటున్నా ఆ దేశపు సెనేట్ దీనికి అనుమతి ఓటేసింది. కొచబాంబా నగరంలో జనం సీసాల కోసం బారులు తీరారు. ఆ బారుల్లో నిలబడ్డవాళ్లని నేను తప్పుపట్టలేను. ఆసుపత్రి తలుపు మూసుకున్నప్పుడు మనిషి పక్క తలుపు తడతాడు. మా అక్క చేసిందీ అదే.

చుక్కలు అమ్మేవాళ్లు ఇంకో మాట అంటారు. ఇది చెడ్డ క్రిముల్నే ఎంచి చంపుతుందిట, మంచి కణాల జోలికి పోదుట. ఎంచుకునే గుణం దానికున్న మాట నిజమే, నా జీతం ఆ గుణం మీదే నడిచింది. లిగ్నిన్‌కీ సెల్యులోజ్‌కీ తేడా దానికి తెలుసు. క్రిమిలోని ప్రొటీన్‌కీ బావగారి పేగులోని ప్రొటీన్‌కీ తేడా తెలియదు. సిస్టీన్, టైరోసీన్, ట్రిప్టోఫాన్ ఎవరిలో కనబడినా ఒకేలా పట్టుకుంటుంది. మన దేశంలోనూ క్లోరిన్ డయాక్సైడ్ లోపలికి తీసుకున్న మనిషికి మూత్రపిండాలు దెబ్బతిని, చికిత్సతో కోలుకున్న ఉదంతం 2013లో వైద్యపత్రికకెక్కింది.

బావగారికి మర్నాడు మధ్యాహ్నానికి ఏలూరులో మంచం దొరికింది. ఆ చుక్కల సంగతి డాక్టరుకి ముందే చెప్పమని అక్కకి మరీమరీ చెప్పాను. చెప్పడానికి సిగ్గుపడింది, అయినా చెప్పింది. పదమూడు రోజులకి ఇంటికొచ్చారు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ సీసా ఇంకా వాళ్ల బీరువాలోనే ఉంది. పారేస్తే ఏ పిల్లలు తీస్తారోనని దాచిందిట. కాలేజీలో పనిచేసే నా స్నేహితుడి లాబ్‌కి తీసుకెళ్లాను, అక్క కూడా వస్తానంది. కొలిచి, నీళ్లు కలిపి, పొటాషియం అయొడైడ్, ఆమ్లం వేస్తే ద్రావణం గోధుమరంగుకి తిరిగింది. గంజిచుక్క వేస్తే నీలమైంది. బ్యూరెట్ నుంచి హైపో (సోడియం థయోసల్ఫేట్) ఒక్కో చుక్కా వదులుతుంటే అక్క నా పక్కనే నిలబడి రీడింగులు రాసింది, పిల్లల నోట్సు దిద్దిన ఆ గుండ్రటి అక్షరాలతోనే. మూడుసార్లు చేశాను. సోడియం క్లోరైట్ నూటికి ఇరవై రెండు దగ్గర తేలింది. లేబుల్ మీద 28 అని ఉంది. అది 80 శాతం శుద్ధమైన పొడి కలిపిన లెక్క అని చెప్పాను.

మిగిలినదంతా పెద్ద బీకరులో పోసి హైపోతో తటస్థం చేశాక, అక్క ఆ ఖాళీ సీసా తీసుకుని లేబుల్‌ని గోటితో గీకడం మొదలుపెట్టింది. ఆక్సిజన్ అన్న ముక్క ఒక్కటి ఎంతకీ ఊడి రాలేదు. నీళ్లలో నానబెట్టమన్నాను.